దర్వాజ నిలబెట్టిన చేతికి దక్కుతున్నదేమిటి?

తలుపు బిగుసుకుపోతే తెలంగాణలో 'వడ్లాయనను పిలువు' అంటారు. కరెంటు పని చేసేవాడి కులం ఎవరికీ అక్కరలేదు. ఏసీ బాగుచేసేవాడి కులం ఎవరూ అడగరు. కర్ర పని చేసే మనిషిని మాత్రం కులం పేరుతోనే పిలుస్తాం. వడ్ల అన్న మాట పనికీ పేరే, కులానికీ పేరే, ఎన్నో కుటుంబాలకు ఇంటిపేరు కూడా. భాషలోని ఈ కలగలుపు అమాయకమైనది కాదు. ఏళ్ల తరబడి చేతులు కాయలు కాచేలా నేర్చుకున్న విద్యను పుట్టుకతో అబ్బిన గుణంగా లెక్కగట్టే అలవాటు దాని వెనుక ఉంది. పుట్టుకతో వచ్చినదని అనుకున్న తరువాత దానికి సరైన ధర కట్టనక్కరలేదు, యోగ్యతాపత్రం ఇవ్వనక్కరలేదు, ప్రమాదం జరిగితే బాధ్యత వహించనక్కరలేదు. ఇంటి మరమ్మతుకు వడ్రంగిని పిలిచే ప్రతి గృహస్థుడూ తెలిసో తెలియకో ఈ లెక్కలో భాగస్వామి అవుతున్నాడు. ఆ లెక్కను సరిచూడడానికి శంషాబాద్ తగిన చోటు. పల్లె, విమానాశ్రయం, కాలనీ ఒకే తరం కళ్ల ముందు ఒకదాని మీద ఒకటి పేరుకున్న ప్రాంతమది.

విమానాశ్రయానికి ముందు నర్కూడ, ముచ్చింతల్, పెద్ద గోల్కొండ, పాలమాకుల వంటి ఊళ్లలో వడ్ల కుటుంబాల బతుకు వ్యవసాయంతో ముడిపడి ఉండేది. నాగలి, కాడి, గుంటక, గొర్రు, బండి చక్రం, మంచం కోళ్లు, పసిబిడ్డకు తొట్టెల, ఇంటికి దర్వాజ అన్నీ ఆ చేతుల మీదుగానే వచ్చేవి. ఆయగాండ్లు, బలుతాదార్లు అన్న పేర్లతో పిలిచే వృత్తికులాలకు రొక్కం బదులు కల్లం దగ్గర గింజలు కొలిచి ఇచ్చేవారు. నగరానికి అవతలి దిక్కున ఉన్న శామీర్‌పేటను అధ్యయనం చేసి సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన 'ఇండియన్ విలేజ్' గ్రంథం ఇటువంటి ఏర్పాటునే నమోదు చేసింది. రైతు కుటుంబాలకూ వృత్తికులాలకూ మధ్య తరతరాలుగా సాగే ఆ బంధంలో కొంత భద్రత ఉండేది. అయితే పనికి ధర నిర్ణయించే అధికారం పని చేసేవాడికి ఉండేది కాదు. ఇక దొర గడీకి వచ్చేసరికి ఆ గింజలు కూడా దక్కేవి కావు. వడ్రంగులు, కమ్మరులు దొరల వ్యవసాయ పనిముట్లను వెట్టిగా, ఉచితంగా చేసిపెట్టాల్సి వచ్చిందని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో రాశారు. ఈనాడు ఇంటి మరమ్మతు ముగిశాక 'ఇంత చిన్న పనికి అంత డబ్బా?' అని అడిగే గొంతుకు అంత పాత వారసత్వం ఉంది.

2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. దాని విస్తీర్ణం దాదాపు 5,500 ఎకరాలు. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తొలి భాగం తెరుచుకుంది. మరుసటి ఏడాది పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. పంచాయతీగా ఉన్న శంషాబాద్ 2018లో మున్సిపాలిటీ అయింది. ఈ క్రమంలో భూమి పోయిన రైతుకు పరిహారం ఎంత వచ్చింది, న్యాయమైనదా కాదా అన్న చర్చ కొంతైనా జరిగింది. అదే భూమి మీద పండిన పంటలో వాటా ఉన్న వడ్ల కుటుంబం సంగతి ఆ చర్చలోకి రాలేదు. నూరేళ్లకు పైగా అమలులో ఉన్న 1894 నాటి భూసేకరణ చట్టానికి భూమిలో హక్కు, హక్కుకు పత్రం కావాలి. కల్లం దగ్గరి గింజల హక్కు ఏ పహాణీలోనూ రాసి ఉండదు. పొలం పోతే రైతుకు చెక్కు వచ్చింది. నాగలి చేసినవాడికి పని పోయింది, అంతే.

ఈ లోపాన్ని దేశం ఆలస్యంగానైనా ఒప్పుకుంది. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం 'బాధిత కుటుంబం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో భూమి లేని చేతివృత్తుల వారిని చేర్చింది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, ప్రధాన జీవనాధారం కోల్పోయినవారు ఆ నిర్వచనం కిందికి వస్తారు. శంషాబాద్ విమానాశ్రయ భూసేకరణ నాటికి ఈ నిర్వచనం లేదు. చట్టం గుర్తించక ముందు జరిగిన నష్టాన్ని ఎవరూ లెక్కించలేదు గనుక అది నష్టం కాకుండా పోదు.

వృత్తికులాల దుస్థితికి యంత్రాలే కారణమన్న వాదన తరచు వినిపిస్తుంది. నాగలి విషయంలో అది నిజం. ట్రాక్టరు వచ్చాక తుమ్మ కర్రతో నాగలి చేయించేవారు లేరు. కానీ శంషాబాద్‌లో కర్ర పని తగ్గలేదు, ఎన్నో రెట్లు పెరిగింది. రాళ్లగూడ నుంచి తొండుపల్లి దాకా లేచిన ప్రతి ఇంటికీ తలుపులు, కిటికీలు, అల్మారాలు, వంటగది అరలు, మంచాలు కావాలి. హోటళ్లకు, కార్యాలయాలకు, పెళ్లి మండపాలకు అంతకంటే ఎక్కువ కావాలి. పని పెరిగి, పనివాడి వాటా మాత్రం ఎందుకు పెరగలేదన్నది అసలు ప్రశ్న.

జవాబు పెట్టుబడిలో ఉంది. ఈనాటి కర్ర పనిలో లాభం ఉలి దగ్గర లేదు. ప్లైవుడ్, లామినేట్ దుకాణంలో ఉంది, బోర్డును కోసి అంచులు అతికించే యంత్రం దగ్గర ఉంది, నమూనా వంటగదిని అద్దాల గదిలో చూపి ముందస్తు డబ్బు తీసుకునే ఇంటీరియర్ కంపెనీ దగ్గర ఉంది. ఆ స్థానాలకు చేరాలంటే తాకట్టుకు భూమి కావాలి, అరువు సరుకు ఇచ్చే వ్యాపార బంధుత్వాలు కావాలి, బిల్డరుతో, బ్యాంకుతో మాట్లాడగల పరిచయాలు కావాలి. భూమి లేని, వ్యాపార కులాల్లో చుట్టరికం లేని కుటుంబానికి ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? కులం అంటే అవమానం మాత్రమే అనుకునేవారు దాని ఆర్థిక రూపాన్ని ఇక్కడ చూడవచ్చు. వృత్తి ఎవరిదో వారి పేరు వృత్తికి మిగిలింది, వృత్తిలోని మిగులు మాత్రం చేతులు మారింది. ఊరి వడ్రంగికి చివరికి మిగిలింది మరమ్మతు. వానకు ఉబ్బిన తలుపు, ఊడిన మడతబందు, బిగించాల్సిన దోమల జాలి, తిరగని తాళం.

పెద్ద పనులను రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్, బెంగాల్ నుంచి వచ్చిన కార్మికులు చేస్తున్నారని, వారి వల్లే స్థానికులకు పని లేదని మరో మాట ఉంది. ఈ మాట వినడానికి సులువు, నమ్మడానికి ప్రమాదకరం. అలా వచ్చేవారిలో సుతార్, జాంగిడ్ వంటి వడ్రంగి కులాలవారు ఉన్నారు, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో కర్ర పని, ఇనుప పని చేసే సైఫీ ముస్లింలు ఉన్నారు. తాము అల్మారాలు బిగిస్తున్న ఫ్లాట్లలోనే నేల మీద పడుకుని, గుత్తేదారు చెప్పిన రేటుకు పనిచేసే వలస కార్మికుడు ఊరి వడ్రంగికి శత్రువు కాడు. ఇద్దరి శ్రమనూ ఒకరితో ఒకరిని పోటీ పెట్టి చవకగా కొంటున్నది ఒకే గుత్తేదారీ పద్ధతి.

ఇప్పుడు మరమ్మతు పనినే దగ్గరగా చూద్దాం. వానాకాలంలో తలుపు పట్టేసింది. చూసేవారికి అది రెండు నిమిషాల రందా పని. తెలిసిన వడ్రంగి ముందుగా రందా ముట్టడు. మడతబందుల మరలు వదులయ్యాయా, దర్వాజ నిలువు తప్పిందా, తలుపు కింది అంచుకు రంగు వేయక నీరు పీల్చిందా అని చూస్తాడు. కర్ర తేమ పీల్చినప్పుడు పొడుగునా దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. అందుకని శ్రావణంలో ఉబ్బినంతా చిత్రిక పడితే వైశాఖంలో వేలు దూరేంత సందు మిగులుతుంది. ఎంత తీయాలి, ఎంత వదలాలి, తీసిన అంచుకు ఏం పూయాలి అన్నది కర్ర జాతిని బట్టి, దాని వయసును బట్టి, గోడ దిక్కును బట్టి మారుతుంది. ఇది పరిశీలన, నిర్ధారణ, చికిత్స. ఇదే క్రమంలో పనిచేసే వైద్యుడికి మనం సలహా రుసుము చెల్లిస్తాం. వడ్రంగికి మాత్రం 'చూసి పోవడానికి డబ్బులేమిటి?' అంటాం. ఒకరి తెలివిని చదువు అంటాం, మరొకరి తెలివిని కులవిద్య అంటాం. తేడా తెలివిలో లేదు, దానికి మనం పెట్టిన పేరులో ఉంది.

వడ్రంగికి గౌరవం లేదని అనడం కూడా పూర్తి నిజం కాదు. గౌరవానికి ఒక రోజు కేటాయించి ఉంది. ఇల్లు కట్టేటప్పుడు దర్వాజ నిలబెట్టే నాడు కడపకు పసుపు, కుంకుమ పెట్టి, వడ్లాయనకు కొత్త బట్టలు, కట్నం ఇస్తారు. ఆ ముహూర్తాన అతను ఆ ఇంటి పెద్ద. గృహప్రవేశం తరువాత మరమ్మతుకు వస్తే అదే మనిషి గేటు దగ్గర ఫోటో దిగి, వేలిముద్ర వేసి, వెనుక లిఫ్టు ఎక్కాలి. మంచినీళ్లు వేరే గ్లాసులో వస్తాయి. ఆచారంలో గౌరవం ఇచ్చి, నిత్యవ్యవహారంలో దాన్ని తిరిగి తీసుకోవడం కుల వ్యవస్థకు చాలా పాత అలవాటు.

ఈ వైరుధ్యం విశ్వబ్రాహ్మణ సమాజానికి కొత్తది కాదు. తెలంగాణ వెనుకబడిన తరగతుల జాబితాలో 'బి' వర్గంలో ఔసుల, కమ్మరి, కంచరి, వడ్ల, శిల్పి వారంతా విశ్వబ్రాహ్మణ అన్న పద్దు కింద ఉన్నారు. తమ శుభకార్యాలను తామే జరుపుకునే హక్కు కోసం ఈ సమాజం చిత్తూరు అదాలతు న్యాయస్థానంలో పోరాడి 1818లో తీర్పు సాధించుకుంది. అది ఆత్మగౌరవ పోరాటమే. కానీ జంధ్యం హక్కు గెలిచినంత మాత్రాన ఉలికి దక్కే కూలి పెరగలేదు. పైమెట్టుతో సమానమని నిరూపించుకునే ప్రయత్నం మెట్లను కూల్చదు. కిందిమెట్టున ఉన్న మాల, మాదిగల పట్ల మన చూపు ఏమిటన్న ప్రశ్నను పక్కకు నెడుతుంది కూడా. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఇలాగే పనిచేస్తుంది. ప్రతివారికీ పైన ఒక అవమానం, కింద ఒక ఓదార్పు ఉంటాయి.

సమత గురించి మాట్లాడాలంటే శంషాబాద్ పక్కనే ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహం ఉంది. సమతామూర్తి పేరుతో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించారు. ఆ పంచలోహ విగ్రహాన్ని తయారు చేసింది చైనాకు చెందిన కంపెనీ. అంత పెద్ద పోత పోయగల కర్మాగారం ఇక్కడ లేదన్న జవాబు రావచ్చు. లోహం పోత పోసే విద్య తరతరాలుగా ఉన్న కంచరుల నేల మీద అటువంటి కర్మాగారం ఎందుకు పుట్టలేదన్నదే మన ప్రశ్న. చేతివృత్తులను వారసత్వ సంపద అని పొగిడే సమాజం ఆ వృత్తుల్లోకి పెట్టుబడిని, సాంకేతికతను, ఉన్నత విద్యను రానివ్వలేదు. పొగడ్త చౌక, పెట్టుబడి ఖరీదు.

ప్రభుత్వాల చూపు కూడా ఈ వారసత్వ భావన చుట్టూనే తిరుగుతోంది. 2023 జూన్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వెనుకబడిన తరగతుల్లోని వృత్తికులాల వారికి లక్ష రూపాయల సాయం ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరు 17న విశ్వకర్మ జయంతి నాడు కేంద్రం 13,000 కోట్ల రూపాయల వ్యయంతో పీఎం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. కొద్ది రోజుల ప్రాథమిక శిక్షణ, శిక్షణలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతలుగా 3 లక్షల దాకా రుణం ఇందులో ఉన్నాయి. కాగితం మీద ఏ కులం వారైనా చేరవచ్చు. కానీ పథకం భాష కుటుంబ సంప్రదాయ వృత్తుల గురించి, గురుశిష్య పరంపర గురించి మాట్లాడుతుంది. ఈ అంశాన్నే పట్టుకుని, కుటుంబ వృత్తి నిబంధనను తొలగించాలని, కనీస వయసును 18 నుంచి 35 ఏళ్లకు పెంచాలని తమిళనాడు కోరింది. ఉన్న రూపంలో ఆ పథకాన్ని అమలు చేయబోమని 2024 నవంబరులో ముఖ్యమంత్రి స్టాలిన్ కేంద్రానికి లేఖ రాశారు. ఆ రాష్ట్రానికి ఒక జ్ఞాపకం ఉంది. 1953లో రాజాజీ ప్రభుత్వం పిల్లలు సగం పూట బడిలో, మిగతా సగం పూట తండ్రి వృత్తిలో గడపాలన్న విద్యావిధానం తెచ్చింది. కులవిద్య పథకమని ద్రావిడ ఉద్యమం దాన్ని ఎదిరించింది, మరుసటి ఏడాదే అది రద్దయింది. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఇంజనీరింగ్ కళాశాలకు వెళ్లాలా, తండ్రి రంపం పట్టాలా అన్నది నిర్ణయించుకునే వేళ రాయితీ రంపం వైపే ఉంటే, ఆ రాయితీ తటస్థమైనది కాదు.

దీనికి ఒక ఎదురు ప్రశ్న సహజం. ఇప్పటికే వృత్తిలో ఉండి అప్పుల్లో కూరుకుపోయినవారికి సాయం వద్దంటారా? వద్దనడం లేదు. యాభై ఏళ్ల వడ్రంగికి రుణం కావాలి, యంత్రం కావాలి, రేపే కావాలి. అయితే ఆ సాయం చేసే పనిని చూసి అందాలి, పుట్టిన ఇంటిని చూసి కాదు. కులం ఆధారంగా ఇస్తే వడ్ల ఇంట పుట్టి ఎన్నడూ ఉలి ముట్టని వ్యక్తి అర్హుడవుతాడు, ఇరవై ఏళ్లుగా కర్ర పని చేస్తున్న మాదిగ యువకుడు, ముస్లిం కార్మికుడు అనర్హులవుతారు. చారిత్రక వివక్షకు పరిహారంగా విద్యలో, ఉద్యోగాల్లో, రాజకీయాల్లో రిజర్వేషన్ కులం ఆధారంగానే ఉండాలి. అది వృత్తి నుంచి బయటపడే దారి. వృత్తిలో ఉన్నవారికి ఇచ్చే సాయం మాత్రం వృత్తి ఆధారంగా ఉండాలి. ఈ రెండింటినీ కలిపేస్తే రిజర్వేషన్ బదులు రంపం చేతికి వస్తుంది.

కులం శ్రమ విభజనతో ఆగదని, శ్రామికులనే విభజిస్తుందని అంబేడ్కర్ 1936లోనే వివరించారు. వడ్రంగాన్ని ఆ విభజన నుంచి విడదీయడం అసాధ్యమేమీ కాదు. జర్మనీలో వడ్రంగం నేర్చుకోదలచిన యువతీయువకులు మూడేళ్లు కార్ఖానాలో భృతితో పనిచేస్తూ, వృత్తి పాఠశాలలో చదువుతూ, చివరికి పరీక్ష రాసి యోగ్యతాపత్రం పొందుతారు. మన ఐటీఐల్లోనూ ఏ కులం వారైనా చేరగలిగిన ఏడాది వడ్రంగం కోర్సు ఉంది. లేనిదల్లా ఆ పత్రానికి బయట విలువ. ఇంటికి వడ్రంగిని పిలిచేవారెవరూ దాన్ని అడగరు, ఉన్నా అందుకు ఒక రూపాయి ఎక్కువ ఇవ్వరు.

చట్టపరమైన భద్రత సంగతి మరీ విచిత్రం. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం మరమ్మతును కూడా నిర్మాణ పనిగానే గుర్తించింది. నిర్మాణ వ్యయంపై కనీసం ఒక శాతం సెస్సు వసూలు చేసి సంక్షేమ మండలికి జమచేస్తారు. ఆ మండలిలో సభ్యత్వానికి 18 నుంచి 60 ఏళ్ల వయసుతో పాటు గడచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసిన దాఖలా కావాలి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ 90 రోజుల నిబంధన ఉంది. పెద్ద కట్టడంలో ఒకే యజమాని కింద పనిచేసేవాడికి ఇది కష్టం కాదు. ఒక పూట ఒక ఇంట, మరో పూట మరో ఇంట పనిచేసే మరమ్మతు వడ్రంగి ఏడాదిలో ఎన్ని గడపలు ఎక్కి దిగాలో, ఎవరి సంతకం తేవాలో ఆలోచించండి. యంత్రపు రంపానికి వేలు తెగితే అతను ఏ యజమాని పేరు చెప్పాలి?

కనుక చేయవలసినవి గృహస్థు దగ్గరే మొదలవుతాయి. పనికి ముందు అంచనా కాగితం మీద ఉండాలి. వచ్చి చూసినందుకు రుసుము ఉండాలి. పని ముగిశాక తేదీ, పని వివరం, చెల్లించిన మొత్తం రాసి సంతకం చేసిన చీటీ ఇవ్వాలి. మనకు అది ఒక కాగితం ముక్క, అతనికి 90 రోజుల్లో ఒక రోజు. గేటెడ్ కాలనీల సంఘాలు తమ ప్రాంగణంలో పనిచేసే మరమ్మతు కార్మికులకు ప్రమాద బీమా కల్పించడం వారి నెలవారీ నిర్వహణ ఖర్చులో కనిపించనంత చిన్న మొత్తం. వెనుక లిఫ్టు, వేరే గ్లాసు మానడానికి ఆ ఖర్చు కూడా లేదు.

ప్రభుత్వం చేయవలసినవి మరికొన్ని. ఇలాంటి చీటీలను 90 రోజుల దాఖలాగా సంక్షేమ మండలి అంగీకరించాలి. పనిలోనే నేర్చుకున్నవారిని పరీక్షించి ఐటీఐతో సమానమైన పత్రం ఇవ్వాలి. ప్రభుత్వ బడుల బల్లలు, వసతి గృహాల మంచాలు చేసే పనిలో కొంత భాగాన్ని స్థానిక వడ్రంగుల సహకార సంఘాలకు కేటాయించి, బోర్డు కోసే యంత్రాలను ఉమ్మడిగా వాడుకునే కార్ఖానాలు నెలకొల్పాలి. ఆ సంఘాల్లో దళితులకు, మహిళలకు, వలస కార్మికులకు చోటుండాలి. వీరబ్రహ్మేంద్రస్వామిని తమవాడిగా చెప్పుకునే సమాజానికి ఇది పరాయి ఆలోచన కాకూడదు. ఆయన ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంట పుట్టినవాడు. విద్య అడిగినవాడికి అందాలన్న సంగతి ఆ సంప్రదాయంలోనే ఉంది.

2024 నవంబరులో మొదలైన కుల సర్వేలో కులవృత్తి ప్రస్తావన కూడా ఉంది. రాష్ట్ర జనాభాలో వెనుకబడిన తరగతులు 56.33 శాతమని ఆ సర్వే తేల్చింది. ఎంతమందిమి అన్న లెక్క తేలిన తరువాత ఎవరి వృత్తిలో ఎవరికి లాభం పోతోందన్న లెక్క కూడా తేలాలి. ప్రతి కులంలో ఎందరు వృత్తిలో ఉన్నారు, వారిలో ఎందరు కూలీలు, ఎందరు యజమానులు, ఎందరి పిల్లలు మరో దారి పట్టగలిగారు అన్న వివరాలను విశ్వవిద్యాలయాల విద్యార్థులు, బీసీ సంఘాలు అడిగి తీసుకోవాలి. వడ్రంగం చేయాలనుకున్న వారెవరైనా గౌరవంగా చేయగలగాలి, వద్దనుకున్న వడ్ల ఇంటి బిడ్డ వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోగలగాలి. ఈ రెండు స్వేచ్ఛలూ ఒక్కసారే సాధ్యమైననాడు వడ్రంగి అన్న మాట కులం పేరుగా ఉండడం మాని, పని పేరు అవుతుంది.